జనం తిరిగొచ్చారు సరే, బేరాలు తిరిగొచ్చాయా? మళ్లీ బండి కొనాలా వద్దా?

పాతబండి_గుంటూరు
8 నవంబర్ 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పాత సభ్యులకి గుర్తుండే ఉంటుంది, 2019లో ఇక్కడ పాపికొండల ట్రిప్పుల గురించి తెగ రాసేవాణ్ణి. అప్పట్లో నాకు 12 సీట్ల టెంపో ట్రావెలర్ ఉండేది. ఆ ఏడు సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది, గోదావరిలో బోట్లు ఆపేశారు. నా బేరాల్లో సగం అక్కడే పోయాయి. సరేలే, అరకు, సూర్యలంక తిప్పుకుందాం అనుకుంటే ఆర్నెల్లకి కరోనా. 2020 మార్చి 25, శార్వరి ఉగాది. ఆ పొద్దున అరకు బయల్దేరాల్సిన బండికి మామిడాకులు కట్టి ఇంటి ముందే నిలబెట్టాను. ఆకులు ఎండి రాలిపోయాయి కానీ బండి కదల్లేదు.

మారటోరియం ఇచ్చారు. ఆగస్టు 31 దాకా ఇఎంఐ కట్టక్కర్లేదన్నారు. కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం ఆగదని నాకు సెప్టెంబర్‌లో తెలిసింది. డ్రైవర్లకి ప్రభుత్వం ఇచ్చిన వాహన మిత్ర పది వేలు ఇన్సూరెన్స్‌కే సరిపోలేదు. రెండు క్వార్టర్లు బండి తిప్పట్లేదని రవాణా శాఖకి రాసిచ్చి, స్టాపేజ్‌లో పెట్టి టాక్స్ తప్పించుకున్నా. 2021లో సెకండ్ వేవ్ వచ్చాక ఇక నావల్ల కాక అమ్మేశాను. డాష్‌బోర్డు మీద మా అమ్మాయి అతికించిన సీతాకోకచిలుక స్టిక్కర్ ఊడబీకబోతే సగమే వచ్చింది.

ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. జీతం టైముకి వస్తోంది, దగ్గు కూడా టైముకి వస్తోంది. మా బావమరిది రోజూ ఫోన్ చేసి "బావా, టూరిజం కరోనా ముందుకంటే ఎక్కువైంది, ఆటోనగర్‌లో మంచి సెకండ్ హ్యాండ్ బండి ఉంది" అంటాడు. దేశంలో టూరిజం కోలుకుందంటే నాలాంటివాడి బేరం కోలుకున్నట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

అంకెల_పంతులు
8 నవంబర్, రాత్రి 11:05

బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను, కాబట్టి ముందు అంకెలు చెప్తాను. కేంద్ర పర్యాటక శాఖ లెక్కల్లో 2019లో దేశీయ పర్యటనలు 232 కోట్లు. 2020లో 61 కోట్లకి పడిపోయాయి, 2021లో 67 కోట్లు. 2022లో 173 కోట్లకి లేచి, 2023లో 250 కోట్లు దాటాయి. మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు.

విదేశీయుల కథ వేరు. 2019లో 1.09 కోట్ల మంది వచ్చారు. 2020లో 27 లక్షలు, 2021లో 15 లక్షలు. 2023లో కూడా 95 లక్షల దగ్గరే ఆగింది. 2020 మార్చిలో ఆపేసిన రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు మళ్లీ ఎగిరింది 2022 మార్చి 27న. రెండేళ్లు తలుపు మూసిన కొట్టుకి పాత ఖాతాదారు వెంటనే వస్తాడా?

ఇంకో మెలిక ఉంది. దేశీయ లెక్క మనుషులది కాదు, పర్యటనలది. నేను ఏడాదికి మూడుసార్లు తిరుపతి వెళ్తే మూడు పడతాయి. అందులో నేను మీ బండి ఎక్కానా, కొడుకు కారులో వెళ్లానా అన్నది ఆ అంకెలో కనపడదు.

సత్యనారాయణపురం_సోడా
8 నవంబర్, రాత్రి 11:20

పంతులు గారూ, నేను మా అత్తగారింటికి వెళ్తే కూడా పర్యటన కింద వేస్తారా? అయితే ఆ 250 కోట్లలో ఓ వంద నావే.

లాడ్జి_బాబాయ్
9 నవంబర్, ఉదయం 6:40

విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి చూసుకుంటాను, 22 గదులు. నా మాట కూడా విను బాబూ.

2020 జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకోవచ్చన్నారు. తాళాలు తీస్తే పరుపుల మీద బూజు. రిసెప్షన్‌లో క్యాలెండర్ మార్చి దగ్గరే ఆగింది. మార్చి 22న రాసిన చివరి ఎంట్రీ కింద ఎర్ర గీత గీసి మళ్లీ మొదలుపెట్టాను. ఆ రిజిస్టర్ ఇప్పటికీ ఉంది. ఆ గీతకి పైన పేజీలు చూస్తే ఒక్కొక్క పార్టీ రెండు రాత్రులు, మూడు రాత్రులు ఉన్నారు. అమ్మవారి దర్శనం, భవానీ ద్వీపం, ఉండవల్లి గుహలు, మంగళగిరిలో పానకాలస్వామి, చీరల షాపులు. ఇప్పుడు? "ఫ్రెషప్‌కి రూమ్ ఉందా అండీ?" రెండు గంటలు. స్నానం, బట్టలు మార్చుకోవడం, దర్శనం, వెళ్లిపోవడం. ఒక్క గదికి పొద్దున్నే మూడు బేరాలు, రాత్రికి గది ఖాళీ. దుప్పట్లు మాత్రం మూడుసార్లు ఉతకాలి.

హైదరాబాద్ నుంచి కారులో ఐదు గంటలు. 2020 అక్టోబర్‌లో దుర్గ గుడి ఫ్లైఓవర్ తెరిచారు, ఊరికి మంచిదే. కాకపోతే ఇదివరకు ఆ ట్రాఫిక్‌లో చిక్కుకుని విసుగెత్తి "ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోదాం" అనుకునేవాళ్లు కొందరు నాకు దొరికేవాళ్లు. దసరాలో మూలా నక్షత్రం ముందు రోజు నా దగ్గర మెట్ల మీద కూడా చోటుండదు. అది చూసి బండి కొనకు. పండగ వెళ్లిన మర్నాడు వచ్చి చూడు.

మనుషుల సంగతి చెప్పలేదు. పదిమంది పనిచేసేవాళ్లు, ఎక్కువ శ్రీకాకుళం వైపు వాళ్లు. వెళ్లిన వాళ్లలో నలుగురే తిరిగొచ్చారు. మా వంటవాడు సింగ్‌నగర్‌లో కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. పోయినేడు సెప్టెంబర్ ఒకటిన బుడమేరు పొంగినప్పుడు గ్రైండర్ దగ్గర్నుంచి అన్నీ మునిగాయి. కొట్టు మళ్లీ తెరిచాడు గానీ నా దగ్గరికి మాత్రం రానన్నాడు. "బాబాయ్, అక్కడ నేను నీళ్లల్లో మునిగినా నాకు నేనే ఓనర్ని" అన్నాడు. ఏం చెప్తాం?

పటమట_పిల్ల
9 నవంబర్, ఉదయం 9:15

బాబాయ్ గారూ, గది ఫొటోలు యాప్‌లో పెట్టండి ముందు. మా ఫ్రెండ్స్ ఎవరూ స్టేషన్ బయట తిరిగి రూమ్ వెతకరు.

పాతబండి అన్నగారికి: బేరం పోలేదు, దారి మారింది. మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఆంటీని అడిగినా అరుణాచలం. కరోనాకి ముందు ఆ పేరు మా ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే చెప్పేది. ఇప్పుడు పౌర్ణమి వస్తే గిరిప్రదక్షిణకి ఆర్టీసీ వాళ్లే స్పెషల్ బస్సులు వేస్తున్నారు. కార్తీకంలో పంచారామాలు. వీటికి పన్నెండు మంది, పదిహేను మంది గ్రూపులుగా బయల్దేరతారు. బస్సుకి తక్కువ, రెండు కార్లకి ఎక్కువ. సరిగ్గా మీ బండి సైజు.

పాతబండి_గుంటూరు
9 నవంబర్, మధ్యాహ్నం 1:30

అమ్మా, ఆ లెక్క నేనూ వేశాను. గుంటూరు నుంచి అరుణాచలం రానూ పోనూ వెయ్యి కిలోమీటర్ల పైమాట. బండి లీటరుకి పది ఇస్తే వంద లీటర్ల డీజిల్. డ్రైవర్ బత్తా, టోల్ గేట్లు, పర్మిట్. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ 2021 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, ఆ ఒక్కటీ సుఖం. కానీ పౌర్ణమి నెలకి ఒక్కటే. ఇఎంఐ నెలంతా తిరుగుతుంది.

పైగా ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా?

పటమట_పిల్ల
9 నవంబర్, మధ్యాహ్నం 1:52

స్త్రీ శక్తి పల్లె వెలుగు, సిటీ, ఎక్స్‌ప్రెస్ లాంటి వాటికే అన్నా. అరుణాచలం స్పెషల్‌కి కాదు. మంగళగిరి, అమరావతి లాంటి దగ్గరి గుళ్లకి మాత్రం మీకు దెబ్బే.

సత్యనారాయణపురం_సోడా
9 నవంబర్, సాయంత్రం 4:10

ఇవన్నీ చిల్లర లెక్కలు. థాయిలాండ్‌ని చూసి నేర్చుకోవాలి. వాళ్లకి టూరిజమే అన్నం. మన దగ్గర? పోయినేడు నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగరేసి చూపించారు. సరిగ్గా ఏడాదైంది. నేను రోజూ ఘాట్‌కి వాకింగ్‌కి వెళ్తాను, కొంగలే ఎగురుతున్నాయి.

అంకెల_పంతులు
9 నవంబర్, రాత్రి 8:45

సోడా గారు ఎగతాళికి అన్నా థాయిలాండ్ మంచి ఉదాహరణే, కాస్త ఓపిగ్గా చూడాలి.

2019లో వాళ్లకి దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు. 2021లో 4 లక్షల పైచిలుకు. కోట్ల నుంచి లక్షలకి! అప్పుడు వాళ్లు రెండు పనులు చేశారు. 2020 జూలైలోనే సొంత జనానికి హోటల్ బిల్లులో 40 శాతం ప్రభుత్వం భరించే పథకం పెట్టారు. విదేశీయుడు లేకపోయినా గది వెలిగి ఉండాలి, వంటవాడు పొయ్యి దగ్గరే ఉండాలి అన్నది దాని లెక్క. రెండోది, 2021 జూలై 1న దేశం మొత్తం కాకుండా ఫుకెట్ ద్వీపం ఒక్కటే తెరిచారు. ముందు అక్కడివాళ్లకి టీకాలు వేసి, టీకా వేసుకున్న విదేశీయుణ్ణి క్వారంటైన్ గదిలో బంధించకుండా ద్వీపంలో తిరగనిచ్చారు. మన ఇళ్లల్లో వరదొచ్చాక ముందు ఒక గది కడిగి, అందులో పొయ్యి వెలిగించి, తర్వాత మిగతా ఇల్లు చూసుకుంటామే, అదే పద్ధతి.

అయినా 2023లో 2.8 కోట్లు, 2024లో 3.5 కోట్లు. పాత అంకె ఇంకా రాలేదు. ఎందుకంటే 2019లో చైనా వాళ్లే కోటి పదిలక్షల దాకా ఉండేవారు, 2023లో 35 లక్షలే. ఆ ఖాళీ పూడ్చడానికే 2023 నవంబర్‌లో మనవాళ్లు వీసా లేకుండానే రావచ్చన్నారు. బ్యాంకులో మేం కొత్త కుర్రాళ్లకి చెప్పేవాళ్లం, ఒక్క పెద్ద ఖాతాదారుణ్ణి నమ్ముకున్న బ్రాంచ్ మేనేజర్‌కి నిద్ర ఉండదని.

కొలంబో_రిటర్న్
9 నవంబర్, రాత్రి 9:30

మాది తెనాలి. 2017 నుంచి 2022 దాకా శ్రీలంకలో ఒక హోటల్‌లో అకౌంట్స్ చేశాను. కోలుకోవడం అంటే ఏంటో అక్కడ మూడుసార్లు చూశాను, పడటం కూడా మూడుసార్లు చూశాను కాబట్టి.

2018లో 23 లక్షల మంది వచ్చారు, రికార్డు. 2019 ఈస్టర్ నాడు బాంబులు, 19 లక్షలకి తగ్గింది. తర్వాత కరోనా, 2021లో రెండు లక్షలు కూడా లేవు. ఇక లేస్తుంది అనుకునేసరికి 2022లో డాలర్లు అయిపోయాయి. మార్చిలో డాలరు 200 లంక రూపాయలు, మేలో 360. పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు. మా హోటల్‌లో జర్మనీ నుంచి ఒక పెద్దాయన దిగాడు. ఆయన్ని కాండీ తీసుకెళ్లాల్సిన డ్రైవర్ రెండు రోజులుగా క్యూలోనే ఉన్నాడు. చివరికి ఆ పెద్దాయనే బ్రెడ్డు, అరటిపళ్లు పట్టుకుని క్యూ దగ్గరికి వెళ్లి, డ్రైవర్‌తో కలిసి సాయంత్రం దాకా కబుర్లు చెప్పాడు. అదే ఆయన టూరు.

అలాంటి దేశానికి 2023లో 15 లక్షల దాకా, 2024లో 20 లక్షలకి పైగా వచ్చారు. మనవాళ్లే అందరికంటే ఎక్కువ. సముద్రం, తేయాకు కొండలు ఎక్కడికీ పోవు, జనం వస్తారు. కానీ మా హోటల్‌లో మంచి చెఫ్‌లు ముగ్గురూ గల్ఫ్ వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో వచ్చిన పిల్లలకి హాపర్లు, అంటే అక్కడి అప్పాలు, కరకరలాడేలా వేయడం రాదు. బాబాయ్ గారి కర్రీ పాయింట్ కథ చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

లాడ్జి_బాబాయ్
9 నవంబర్, రాత్రి 9:48

వాడు చేసే గోంగూర పప్పు తింటే నీకు ఏడుపే వచ్చేది. పార్సిల్ నేనే తెప్పించుకుంటున్నా వాడి దగ్గర.

అమరావతి_గైడ్
10 నవంబర్, ఉదయం 7:05

నేను అమరావతి, నాగార్జునకొండ వైపు గైడ్‌గా తిరిగేవాణ్ణి. థాయిలాండ్, శ్రీలంక నుంచి బౌద్ధయాత్రికులు చిన్న చిన్న గుంపులుగా వచ్చేవాళ్లు. మీరిద్దరూ పైన రాసింది చదువుతుంటే నా బేరాలు ఎందుకు పోయాయో ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. వాళ్ల రూపాయి అక్కడ కూలితే నా భోజనం ఇక్కడ పోయింది.

2021 జూన్‌లో గైడ్లకి లక్ష రూపాయల దాకా గ్యారంటీ లోన్ అన్నారు. దేశం మొత్తం మీద 10,700 మంది గుర్తింపు ఉన్న గైడ్లకి. పదమూడేళ్లుగా రాళ్ల ముందు నిలబడి చెప్తున్నాను గానీ ఆ గుర్తింపు కార్డు నాకు లేదు. ఆదుకునే పథకం ఏదైనా కాగితం మీద ఉన్నవాణ్ణే ఆదుకుంటుంది. టీ అమ్మేవాడు, బోటు తాడు కట్టేవాడు, నేను, మేమెవరం ఆ కాగితం మీద లేము. రెండేళ్లు ట్యూషన్లు చెప్పాను.

సత్యనారాయణపురం_సోడా
10 నవంబర్, ఉదయం 8:00

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
10 నవంబర్, ఉదయం 8:25

ఏ ప్రభుత్వం ఎక్కువ ఇచ్చింది, ఏది తక్కువ ఇచ్చింది అనే గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ బండి గురించి మాట్లాడండి. రెండు పోస్టులు తీసేశాను.

పటమట_పిల్ల
10 నవంబర్, ఉదయం 10:40

గైడ్ గారూ, ఇప్పుడు ఎవరూ రావట్లేదా?

నాకు ఒక డౌట్ కూడా. అందరూ మందిని పెంచడం గురించే మాట్లాడుతున్నారు. భూటాన్ అలా చేయలేదు కదా? నేను పోయినేడు వెళ్లాను. కరోనా తర్వాత 2022 సెప్టెంబర్ 23న తెరిచారు. తెరుస్తూనే విదేశీయులకి రోజుకి 65 డాలర్లు ఉన్న రుసుముని 200 చేశారు, మనకి రాత్రికి 1200 రూపాయలు. జనం తగ్గిపోయి అక్కడి హోటళ్లవాళ్లు మొత్తుకున్నాక ఏడాదికి 100 డాలర్లకి తెచ్చారు. తక్కువమంది వచ్చి ఎక్కువరోజులు ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం. బాబాయ్ గారికి కావాల్సింది కూడా అదేగా?

లాడ్జి_బాబాయ్
10 నవంబర్, ఉదయం 11:02

అమ్మాయ్, నేను గదికి వంద పెంచితే పక్క లాడ్జికి పోతారు. వెయ్యి లోపు గదికి ఇదివరకు జీఎస్టీ లేదు. 2022 జూలై 18 నుంచి 12 శాతం వేశారు, సరిగ్గా మేం లేస్తున్నప్పుడే. ఈ సెప్టెంబర్ 22 నుంచి 5 చేశారు. పండగ పూట కస్టమర్ ఏమంటాడంటే, "తగ్గింది కదా, పాత రేటులో ఇంకో యాభై తగ్గించండి".

అమరావతి_గైడ్
10 నవంబర్, మధ్యాహ్నం 2:20

వస్తున్నారమ్మా, వేరే వాళ్లు. హైదరాబాద్, బెంగళూరు నుంచి మన తెలుగు కుటుంబాలే. మొదట్లో నాకు చిరాకు. ధ్యానబుద్ధుడి దగ్గర సెల్ఫీ, గుళ్లో అభిషేకం, మ్యూజియంలో పావుగంట, అంతే.

పోయిన డిసెంబర్‌లో ఒక కుటుంబం వచ్చింది. నా సంచిలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి శిల్పం ఫొటో ఒకటి లామినేషన్ చేయించి ఎప్పుడూ ఉంటుంది. అసలు శిల్పం మద్రాసు మ్యూజియంలో ఉంది. మన అమరావతిది చూడాలంటే మద్రాసో లండనో పోవాలి, అది మన ఖర్మ. వాళ్ల పిల్లాడు, ఎనిమిదేళ్లుంటాయి, ఆ ఫొటో లాక్కుని "అంకుల్, ఏనుగు రెండుసార్లు ఎందుకుంది?" అన్నాడు. ఒకే చట్రంలో ముందు జనాన్ని తొక్కుతున్న ఏనుగు, పక్కనే బుద్ధుడి ముందు మోకాళ్లు వంచిన అదే ఏనుగు. మేడ మీద కిటికీల్లోంచి తొంగిచూస్తున్న ఆడవాళ్లు. పదమూడేళ్లలో విదేశీయులు ఎవరూ అడగని ప్రశ్న. ఆ పిల్లాడికి గంటన్నర చెప్పాను. వాళ్ల నాన్న ఉండవల్లి కూడా రమ్మన్నాడు. చీకటి పడింది, ఆ రాత్రికి విజయవాడలోనే ఉండిపోయారు.

అప్పట్నుంచి నేను ఇంగ్లీషు మానేసి తెలుగులో, పిల్లలకి అర్థమయ్యేలా చెప్తున్నాను. నెలకి ఆరేడు కుటుంబాలు. నాకున్న ఇబ్బంది ఒక్కటే, బండి లేదు. కారులో వచ్చినవాళ్లతో సర్దుకుని కూర్చుంటున్నా.

పాతబండి_గుంటూరు
10 నవంబర్, రాత్రి 10:50

గైడ్ గారి పోస్టు మూడుసార్లు చదివాను.

నేను ఇన్నాళ్లూ దూరం ట్రిప్పులే లెక్కేసుకుంటున్నాను. పొద్దున ఏడింటికి బాబాయ్ లాడ్జి దగ్గర ఎక్కించుకుని, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, సాయంత్రం కొండపల్లిలో బొమ్మల కాలనీ చూపించి మళ్లీ లాడ్జి దగ్గర దింపితే? సీటుకింత అని. డీజిల్ దూరం ట్రిప్పులో అయిదో వంతు కూడా కాదు. శనాదివారాలు ఇది, పౌర్ణమికి అరుణాచలం.

అంకెల_పంతులు
10 నవంబర్, రాత్రి 11:15

బాగానే ఉంది గానీ ఉద్యోగం వెంటనే మానకండి. నెలకి ఎనిమిది శనాదివారాలు, అందులో వానాకాలం తీసేయండి, పరీక్షల నెలలు తీసేయండి. పోయినేడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఈ దారిలో ఏమైందో చూశారుగా. ఆర్నెల్ల ఇఎంఐ చేతిలో ఉంటేనే బండి తీసుకోండి. లేదంటే ముందు మూడు నెలలు ఎవరి బండైనా లీజుకి తిప్పి చూడండి. మారటోరియం ప్రతిసారీ రాదు, వచ్చినా మీకు తెలిసిందేగా.

లాడ్జి_బాబాయ్
11 నవంబర్, ఉదయం 6:30

నా లాడ్జి ముందు పార్కింగ్ లేదు. ఎదురు సందులో పెట్టుకోవాలి, ఆ సందులో టిఫిన్ బండివాడితో నువ్వే మాట్లాడుకో. రెండు రాత్రులు ఉండేవాళ్లకి గదిలో రెండొందలు తగ్గిస్తాను. నీకు కమిషన్ మాత్రం ఇవ్వను.

పటమట_పిల్ల
11 నవంబర్, ఉదయం 9:10

ఫొటోలు నేను తీసి పెడతాను. బాబాయ్ గారి గదులు కూడా. దుప్పట్లు మార్చి ఉంచండి ప్లీజ్.

పాతబండి_గుంటూరు
11 నవంబర్, రాత్రి 9:25

ఆటోనగర్ బండివాడితో మాట్లాడాను. అమ్మకమే, లీజు ఇవ్వనన్నాడు. బావమరిది బతిమాలితే మూడు నెలలకి ఒప్పుకున్నాడు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ నావంట. 2018 మోడల్. ఫొటోల్లో టైర్లు బాగానే ఉన్నాయి. ఇంజన్ సంగతి ఫొటోలో తెలియదు కదా. శనివారం పొద్దున పదింటికి వెళ్తున్నా. డీజిల్ ఇంజన్ చూడటం తెలిసినవాళ్లు ఎవరైనా వస్తారా?

సత్యనారాయణపురం_సోడా
11 నవంబర్, రాత్రి 9:40

నేను వస్తా. ఇరవై ఏళ్లు ఆటోనగర్‌లోనే పనిచేశాను, ఇక్కడ ఎవరూ నన్ను అడగలేదు గానీ. ముందు వాడికి ఫోన్ చేసి చెప్పు, మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. చల్లగా ఉన్న ఇంజన్‌ని మన ముందే స్టార్ట్ చేయాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే టీ తాగేసి ఇంటికి వచ్చేద్దాం.